ఆఖరి పేరుకు లేచి నిలబడే సార్

మంగళవారం పొద్దున, మన్నెగూడలో నేను పనిచేసే బడిలో ప్రార్థన అయిపోయి పిల్లలను వరుసలుగా తరగతులకు పంపుతుండగా ఫోన్ మోగింది. సార్ భార్య, మేమంతా అమ్మ అనేవాళ్లం. "సార్ పోయిండు బిడ్డా" అంది. ఫోన్ సంచిలో పడేసి ఆరో తరగతి, ఏడో తరగతి, ఎనిమిదో తరగతి వరుసలన్నీ పంపించాను. ఎందుకు అట్లా చేశానో తెలియదు. గ్రౌండ్ ఖాళీ అయ్యాక చూసుకుంటే ఈల ఇంకా నా నోట్లోనే ఉంది.

మరునాడు జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది. ఇబ్రహీంపట్నం సర్కారు బడిలో ముప్పై ఏళ్లకు పైగా పీఈటీగా పనిచేశారని, ఎవరూ పట్టించుకోని హాకీ ఆటగాళ్లను వెతికి ప్రైవేటు లీగ్‌కు పంపారని రాశారు. చివర ఒక వాక్యం ఉంది. మోకాలి గాయం ఉన్న ఒక ఆటగాడిని జట్టుకు సూచించిన తర్వాత ఆయన ఆ పని మానుకున్నారట.

ఆ తప్పు సార్‌ది కాదు. నాది. పదేళ్లుగా ఆయన పేరు మీద ఉంది, ఆయనతోపాటు కాటికి కూడా పోయింది. అది చెప్పకుండా ఆయన గురించి నేను ఎన్ని మంచి మాటలు రాసినా దొంగ ఏడుపే అవుతుంది.

నాకు ఆయన ఎనిమిదో తరగతిలో సార్. ఆడపిల్లల చేతికి హాకీ కర్ర ఇచ్చినందుకు ఊళ్లో నవ్వారు. మా బాపు ఒకరోజు బడికి వచ్చి గొడవ పెట్టుకున్నాడు. సార్ ఆయనకు కుర్చీ వేసి, "నీ బిడ్డ మస్తు ఉరుకుతది. నువ్వొద్దంటె గూడ ఉరుకుతది, జర నా కండ్ల ముందట ఉరకనీ" అన్నాడు. బాపు కుర్చీలో కూర్చోకుండానే వెళ్లిపోయాడు గానీ మళ్లీ అడ్డం చెప్పలేదు. నేను రాష్ట్ర జట్టు దాకా వెళ్లాను. అక్కడ ఆగిపోయాను. ఆడవాళ్లకు లీగూ గీగూ ఏమీ లేని రోజులు. పీఈటీ కోర్సు చేసి, నేనూ ఈల మెడలో వేసుకున్నాను.

సార్ రిటైరయ్యాక ఆ లీగ్ వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు మీద కార్లు తిరగడం మొదలైన కాలం. ఆదిబట్ల వైపు కంపెనీలు దిగుతున్నాయి, బొంగులూరు చుట్టూ ప్రతి చేనులో ప్లాట్ల తెల్ల రాళ్లు మొలుస్తున్నాయి, చేతిలో డబ్బున్న ప్రతివాడికీ ఏదో ఒక జట్టు కావాలి. నాలుగు సీజన్లు నడిచి ఆ లీగ్ మూతపడింది, ఇప్పుడు పేరు చెప్పినా ఎవరికీ గుర్తుండదు. అందులో ఆటగాళ్లను వేలం పాడేవాళ్లు కాదు, డ్రాఫ్ట్ పెట్టేవాళ్లు. జట్లన్నీ ఒక హోటల్ హాల్లో బల్లల దగ్గర కూర్చుని, వంతు వచ్చినప్పుడల్లా ఒక్కో పేరు చెప్పాలి. చెప్పిన పేరు ఆ జట్టుదైపోతుంది. మొదటి రౌండ్లలో పేపర్లో ఫొటో పడ్డవాళ్లు పోతారు. ఆఖరి రౌండ్లకు వచ్చేసరికి ఎవరిని తీసుకోవాలో ఎవరికీ తెలియదు. మా నగరం జట్టు మేనేజరు సార్‌ను పెట్టుకున్నది ఆ ఆఖరి రౌండ్ల కోసమే.

"మొదటి పది పేర్లు పేపర్ సదివినోడు గూడ చెప్తడు. నన్ను పిలిచింది దానికి గాదు" అనేవాడు సార్.

ఆయన వెతికే తీరు వేరు. మిగతా జట్లవాళ్లు నగరంలో కృత్రిమ గడ్డి పరిచిన టర్ఫ్ గ్రౌండ్లకు వెళ్లి ఎవరు వేగంగా పరుగెత్తుతున్నారో గడియారం పట్టి చూసేవాళ్లు. సార్ ఎర్ర కంకరమట్టి ఉండే మొరం గ్రౌండ్లకు పోయేవాడు. మొరం మీద బంతి చెప్పినట్టు వినదు. రాయి తగిలి ఎగురుతుంది, పక్కకు తిరుగుతుంది, ఒక్కోసారి మూతి పగలగొడుతుంది. దాన్ని కర్రతో కిక్కురుమనకుండా ఆపగలిగినవాడి చేతులు ఎక్కడైనా పనికొస్తాయని ఆయన లెక్క. అలాంటివాడిని టర్ఫ్ మీద వదిలితే మొదటి నెల తడబడతాడు, అందుకే మిగతావాళ్లు వద్దంటారు. "నెల ఆగెటోడు ఎవడున్నడు బిడ్డా" అని నవ్వేవాడు. రెండో సీజన్‌లో నల్గొండ దిక్కు నుంచి ఒక హాస్టల్ కుర్రాణ్ణి అట్లాగే తెచ్చాడు. అతను వాళ్ల కాలేజీ జట్టులో కూడా పదకొండు మందిలో లేడు. మా జట్టుకు ప్రతి మ్యాచూ ఆడాడు.

డ్రాఫ్ట్ రోజు సార్‌ను చూడాలి. హాల్లో అందరూ కోట్లు, లాప్‌టాప్‌లు. ఈయన తెల్ల కాన్వాస్ బూట్లకు సుద్ద రాసుకుని, భుజాన తువ్వాలతో వచ్చేవాడు. ఏసీకి చెవులు నొప్పి పుడతాయని ఆ తువ్వాల తలకు చుట్టుకునేవాడు. తోడుగా వెళ్లిన నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆఖరి రౌండ్ వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ అయ్యేవి. ఉన్నవాళ్లు కూడా సంచులు సర్దుకుంటూ, సమోసాలు తింటూ ఉండేవాళ్లు. మా వంతు వచ్చినప్పుడు సార్ తువ్వాల తీసి లేచి నిలబడేవాడు. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు గట్టిగా చెప్పేవాడు. ఒకసారి మేనేజరు, "సార్, లిస్టులో నంబర్ చెప్తే చాలు, కూర్చుని చెప్పండి" అన్నాడు. "వాళ్ల నాయిన ఈడికి రాలేడు గద. నేనన్న నిలబడాలె" అన్నాడు సార్.

మూడో సీజన్ ముందు, ఒక మ్యాచ్ చూస్తుండగా నాకు ఆయన సంగతి అర్థమైంది. బాలాపూర్ అవతల గ్రౌండ్‌లో బంతి కుడివైపు పోతుంటే ఆయన ముఖం ఎడమవైపు ఉంది. ముందు పరధ్యానం అనుకున్నాను. తర్వాత కార్నర్ జెండా దగ్గరికి వెళ్లి, "ఏ పిల్లగా, లోపలికి జరుగు" అని గద్దించాడు. అక్కడ పిల్లగాడు లేడు, జెండా గుంజ ఉంది. నవ్వబోయి ఆగిపోయాను.

"సార్, ఎన్ని దినాలయింది?"

"ఏడాది కావొస్తుంది" అన్నాడు. "షుగర్ కండ్లకు ఎక్కిందన్నరు దవాఖానల. వెలుగు తెలుస్తది, మనుషులు తెల్వరు. ఎవ్వరికి చెప్పకు. అమ్మకు గూడ. తెలిస్తె ఇంట్ల కూసోబెడ్తరు."

ఆ రోజు నుంచి నేను ఆయన కళ్లు. ఇది నేను గొప్పకు చెప్పుకోవడం లేదు. సెలవు రోజుల్లో నా స్కూటీ మీద తీసుకుపోయేదాన్ని. గట్టు మీద పక్కపక్కన కూర్చునేవాళ్లం. నేను చెప్పేదాన్ని, ఆయన వినేవాడు. సగం ఆయనకు చెవులతోనే తెలిసేది. బంతి కర్రకు తగిలిన చప్పుడును బట్టి ఆపినవాడి చేయి మెత్తనా మొరటా చెప్పేవాడు. మిగతాది నా నోటి నుంచి రావాలి. నేను "మంచిగ ఆడుతుండు సార్" అన్నానంటే విసుక్కునేవాడు. "మంచిగనా చెడ్డగనా నేను చెప్త. నువ్వు చూసింది చెప్పు. బంతి పోయినంక వాడు ఏం జేసిండు? నడిచిండా, ఉరికిండా, వేరేటోని మీద గట్టిగ ఒర్రిండా?" అట్లా ఒక్కొక్కటీ అడిగి నాకు చూడటం నేర్పాడు. బడిలో పిల్లలను ఇప్పుడు నేను చూసే చూపు ఆయన పెట్టిన భిక్షే. అంత నేర్పిన మనిషికి నేను ఏం చేశానో ఇక చెప్పాలి.

జంగయ్య నా దగ్గర ఆడిన పిల్లవాడు. మా ఊరివాడే, నన్ను అక్కా అనేవాడు. తండ్రి కంకర మిల్లులో పని. జంగయ్య ఫుల్‌బ్యాక్, గోల్ ముందు నిలబడి వచ్చిన బంతినల్లా ఆపేవాడు. వాడు ఆడిన మొరం గ్రౌండ్ బొంగులూరు దగ్గర ఉండేది. మేం చూస్తుండగానే అది వెంచర్ అయింది. ఒకరోజు పోయేసరికి గోల్ ముందర తెల్ల రాళ్లు పాతి, వాటి మీద ఎర్ర రంగుతో నంబర్లు వేసి ఉన్నాయి. నెల రోజులు ఆ రాళ్ల మధ్యే ఆడాం. తర్వాత కంచె వేశారు. జంగయ్యకు ఇరవై ఏళ్లు, లీగ్‌లోకి పోకపోతే తండ్రి వెనక మిల్లుకు పోవాలి. నాకు మాత్రం ఇంకో ఆశ ఉంది. నా చేతి కింద ఆడిన ఒక్క పేరైనా ఆ హాల్లో పిలవాలి. నన్ను ఎవరూ పిలవలేదు కాబట్టి వాడినైనా పిలవాలి. దాన్ని ప్రేమ అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే పొగరే ఎక్కువ ఉంది అందులో.

నాలుగో సీజన్ డ్రాఫ్ట్‌కు పది రోజుల ముందు నగరంలో టర్ఫ్ మీద వాడి మ్యాచ్. సార్, నేను గట్టు మీద ఉన్నాం. రెండో సగంలో జంగయ్య బంతి కోసం ఒక్కసారిగా తిరిగాడు. పాదం అక్కడే ఉంది, ఒళ్లు తిరిగింది. మోకాలు లోపలికి మడతపడటం నేను చూశాను. వాడు కూలబడి, చేతులు ఊని లేచి, రెండు మూడు అడుగులు కుంటుతూ వేశాడు. ఆట ఆగింది.

"సప్పుడు ఆగింది. ఏమైంది బిడ్డా?" అన్నాడు సార్.

"ఏం లేదు సార్. జంగయ్య బూటు లేసు కట్టుకుంటుండు."

అంతే. ఒక్క మాట. నాలుక తడబడలేదు కూడా. సార్ తలూపాడు. నా మాట మీద ఆయనకు ఏనాడూ అనుమానం లేదు.

మ్యాచ్ అయ్యాక పంపు దగ్గర జంగయ్య నన్ను పట్టుకున్నాడు. "అక్కా, మోకాలు లోపల ఏందో జారింది. నడుస్తుంటె పట్టు దొరుకుతలేదు" అన్నాడు. ముఖం తెల్లబడిపోయి ఉంది. "ఎవ్వరికన్న చెప్పినవా?" అన్నాను. లేదన్నాడు. "చెప్పకు. పట్టీ కట్టుకో. సార్ తోని నేను మాట్లాడ్త" అన్నాను. రెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చి, "సార్‌కు చెప్పినవా అక్కా? పోవచ్చన్నడా?" అని అడిగాడు. నేను తలూపాను. వాడి ముఖంలో భయం పోయింది. సార్ పోవచ్చన్నాడంటే వాడికి ఇంకేం కావాలి.

జట్టు కాగితంలో గాయాలు అన్నచోట "లేవు" అని రాసింది నేను. సంతకం ఎక్కడ పెట్టాలో ఆయనకు కనబడదు కదా, వేలు పట్టుకుని ఆ గీత మీద పెట్టింది కూడా నేనే. ఆఖరి రౌండ్‌లో సార్ తువ్వాల తీసి లేచి నిలబడి జంగయ్య పేరు, వాళ్ల నాయన పేరు, మా ఊరి పేరు చెప్పాడు. నేను ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను, ఛీ నా బతుకు.

మూడో మ్యాచ్‌లో జంగయ్య మోకాలు పూర్తిగా పోయింది. లోపలి నరాలు అంతకుముందే సగం తెగి ఉన్నాయని, ఆడించకపోతే నిలబడేదని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ ఆలస్యమైంది, అయినదీ సరిగ్గా కుదరలేదు. మరుసటి ఏడాదికి లీగే లేదు. మేనేజరు సార్‌ను పిలిపించి నా ముందే అడిగాడు. "మీరు చూడలేదా సార్? అంత పెద్ద దెబ్బ కనబడలేదా?"

అప్పుడు ఆయన ఒక్క మాట చెప్పి తప్పించుకోవచ్చు. నాకు కళ్లు లేవు, ఈ పిల్ల చెప్పింది నమ్మాను, అంటే సరిపోయేది. "చూసిన. తప్పు నాదే" అన్నాడు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. నా గొంతులో మాట ఉంది. బయటికి తీయలేదు. ఉద్యోగం పోతుందనా? పోదు. సిగ్గు, అంతే. తిరుగుదారిలో స్కూటీ వెనక కూర్చుని సార్ మెల్లగా అడిగాడు.

"ఆ దినం లేసే గద బిడ్డా?"

"అవ్ సార్."

మళ్లీ ఎన్నడూ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్నతో ఆయన నాకు తలుపు తీసి పెట్టాడు, నేనే వేసుకున్నాను.

జంగయ్య ఇంటికి ఇద్దరం రెండుసార్లు వెళ్లాం. రెండుసార్లూ వాళ్లమ్మ గడప మీద నిలబడి, "నిద్ర పోతుండు సార్" అంది. మొదటిసారి మిట్టమధ్యాహ్నం. సార్ అరుగు మీద ఎండలోనే కూర్చున్నాడు. మంచినీళ్లు ఇస్తే తాగాడు. గంటసేపు ఉండి లేచాడు. రెండోసారీ అంతే. "మనమీద కోపమున్నట్టుంది సార్" అన్నాను, మనమీద అని. "ఉండనీ. ఆ పిల్లగానికి ఇంకేం మిగిలింది" అన్నాడు. తర్వాత సార్ ఏ జట్టు కోసమూ ఎక్కడికీ పోలేదు. ఉన్న కాస్త వెలుగూ పోయింది. నేను ఆదివారాలు వెళ్లి పేపర్లో ఆటల పేజీ చదివి వినిపించేదాన్ని. చక్కెర లేని చాయ్ ముఖం చిట్లించుకుని తాగుతూ, గోల్ కొట్టినవాళ్ల పేర్లు వద్దు, దెబ్బలు తగిలినవాళ్ల పేర్లు చదవమనేవాడు. ప్రతి ఆదివారం అది నాకు పడాల్సిన దెబ్బే. ఆయన తెలిసి అడిగాడో తెలియక అడిగాడో నాకు తెలియదు. చివరి నెలల్లో కిడ్నీలు కూడా ఆగిపోయాయి. ఆస్పత్రి మంచం మీద నా మణికట్టు పట్టుకుని, "జంగయ్య ఎట్లున్నడు?" అన్నాడు. మంచిగున్నడని చెప్పాను. ఆఖరిసారి కూడా అబద్ధమే చెప్పాను.

దినాల రోజు వంద మందికి పైగా వచ్చారు. టెంటు వేసి బల్లలు పెట్టారు గానీ సరిపోక, ఆఖరి పంక్తి వాళ్లను కింద పట్టా పరిచి కూర్చోబెట్టారు. నా పక్కన చోటు ఖాళీగా ఉంటే ఎవరో వచ్చి గుంజ పట్టుకుని మెల్లగా దిగి కూర్చున్నారు. జంగయ్య. ఒళ్లు వచ్చింది, జుట్టు పలచబడింది. మన్నెగూడలోనే టైల్స్ దుకాణంలో కౌంటర్ మీద కూర్చుంటున్నానని చెప్పాడు. కుడికాలు ముడవడం రాదు, చాపి పెట్టుకున్నాడు. వడ్డించేవాళ్లు ఆ కాలు దాటి పోతుంటే, ప్రతిసారీ "జర చూసుకో అన్నా" అంటున్నాడు.

కొంచెం తిన్నాక వాడే అన్నాడు. "సార్ మీద నాకిప్పుడు కోపం లేదక్కా. అప్పుడుండె. ఎర్కుండి గూడ పంపిండు గద అని. పదేండ్లు మాట్లాడలే. ఇయ్యాల ఒక దండం పెట్టి పోదామని వచ్చిన. మాఫ్ చేసిన అనుకో."

చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు తలలూపారు. మంచి మనసు అన్నారెవరో. పేపర్లో వచ్చిన వాక్యమే అక్కడ కూడా చెల్లిపోయింది. నేను నోరు మూసుకుంటే అట్లాగే నిలిచిపోతుంది. విస్తరిలో చెయ్యి పెట్టుకుని చెప్పాను.

"సార్‌కు ఎర్క లేదు జంగయ్యా. నేను చెప్పలే. అప్పటికే ఆయనకు కండ్లు కనబడకపోతుండె. నువ్వు పడ్డప్పుడు ఏమైందని నన్నే అడిగిండు. లేసు కట్టుకుంటుండని చెప్పిన. నీకేమో చెప్పిన్నని తలూపిన. చేసిందంత నేనే."

వాడు అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. విస్తరి వైపే చూస్తూ మాట్లాడాడు.

"మరి మా ఇంటికొచ్చిండు గద" అన్నాడు. "రెండుసార్లొచ్చిండు. ఎండల కూసున్నడు. నేను కిటికీలకెల్లి చూసిన. నిద్ర పోతలే నేను."

వాడు ఇంకోసారి, "రెండుసార్లొచ్చిండు" అన్నాడు, నాతో కాదు.

పంక్తి లేచింది. నేను లేచి నా చెయ్యి చాపాను. జంగయ్య దాన్ని చూశాడు గానీ పట్టుకోలేదు. ఎంగిలి చెయ్యి పైకెత్తి పెట్టుకుని, ఎడమ చేత్తో టెంటు గుంజ పట్టుకుని, చాపిన కాలు చాపినట్టే ఉండగా ఒంటికాలి మీద ఒళ్లంతా పైకి లాగుకుంటున్నాడు. విస్తళ్లు ఎత్తేవాళ్లు వచ్చారు, పట్టా ఒక పక్క నుంచి చుట్టుకుంటూ వచ్చి వాడి దగ్గర ఆగారు. వాడు ఇంకా లేస్తూనే ఉన్నాడు.